లైసెన్సులిచ్చేస్తే ఆడపిల్లల్ని అమ్మడం ఆగుతుందా?

నాగావళి_గట్టు
నాలుగు రోజుల్నించి మా ఇంట్లో అన్నాల కాడ ఇదే గొడవ. ఎటూ తేలక ఇక్కడ పెడుతున్నాను.

మాది శ్రీకాకుళం దగ్గర పల్లె, ఊరి పేరు వద్దు. డ్వాక్రా సంఘం లెక్కలు నేనే రాస్తాను. మా మెంబరు కూతురు, పంతొమ్మిదేళ్ళది, ఇంటర్ తప్పింది. వాళ్ళకి వరసకి పిన్ని అయ్యే ఆవిడొచ్చి చెన్నైలో బట్టల షాపులో పని, తిండీ గదీ వాళ్ళదే, నెలకి పదిహేను వేలు అని చెప్పి పట్టుకెళ్ళింది. తల్లి చేతిలో ఇరవై వేలు అడ్వాన్సు పెట్టింది. ఆ డబ్బుతోనే తల్లి మా సంఘం వాయిదాలు కట్టింది. రసీదు రాసింది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఐదు నెలలకి వేరే రాష్ట్రంలో ఒక ఇంటి మీద పోలీసులు రైడ్ చేస్తే అక్కడ దొరికింది. తర్వాత ఏడు నెలలు, రైడ్‌లో దొరికిన ఆడవాళ్ళని ఉంచే రక్షణ హోమ్‌లో ఉంచారు. మొన్న సంక్రాంతికి ఇల్లు చేరింది. కుళాయి దగ్గర అది బిందె పెడితే వెనకాల వరసలో వాళ్ళు బిందెలు తీసేసుకుంటున్నారు.

మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం. ఈ పడుపు వ్యాపారానికి లైసెన్సులిచ్చేస్తే దొంగచాటుగా తేవాల్సిన పనే ఉండదు, అమ్మకాలు వాటంతటవే ఆగిపోతాయి, విదేశాల్లో అలాగే చేశారంటాడు. మా మరిదేమో లైసెన్సిస్తే ఊరికో పిన్ని తయారవుతుందంటాడు. ఇద్దరూ గట్టిగానే అరుస్తున్నారు, ఎవరి దగ్గరా రుజువు లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి. గెలవడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలి.

జీడిపప్పు_పలాస
మీ మరిది సెప్పిందే రైటు. మందు షాపులకి లైసెన్సులిచ్చినాక తాగుడు తగ్గిందేటి?

చీపురుపల్లి_రైలుగేటు
పలాస బావా, 1995లో మద్యనిషేధం పెట్టినప్పుడు మాత్రం ఆగిందా? రాత్రయితే ఇచ్చాపురం అవతల్నుంచి సరుకు దిగేది. రెండేళ్ళకే ఎత్తేశారు. మూసేస్తే చాటుకి పోతుంది, అంతే. ఆ అబ్బాయి మాటలోనూ కొంత ఉంది.

జీడిపప్పు_పలాస
సీసాకి అమ్మా అయ్యా ఉండరు బావా. సీసా ఏడవదు.

మూడులాంతర్లు
విజయనగరంలో ప్రాక్టీసు చేస్తాను. పిటా, అంటే వ్యభిచార నిరోధక చట్టం, కేసులు కొన్ని చూశాను. వాదన ముదిరే ముందు ఒక పొరపాటు సరిదిద్దాలి. మన దేశంలో వయసొచ్చిన ఆడమనిషి తన ఇష్టంతో డబ్బుకి ఈ పని చేస్తే అదే నేరమని ఏ సెక్షనూ చెప్పదు. 1956 నాటి చట్టం నేరమనేది దాని చుట్టూ ఉన్నవాటిని. కంపెనీ, అంటే ఈ వ్యాపారం జరిగే ఇల్లు, నడపడం మూడో సెక్షను, ఆ సంపాదన మీద బతకడం నాలుగు, మనిషిని తెచ్చి దింపడం ఐదు, నిర్బంధించడం ఆరు. గుడికీ బడికీ ఆస్పత్రికీ 200 మీటర్ల లోపల చేస్తే ఏడు, రోడ్డు మీద నిలబడి పిలిస్తే ఎనిమిది.

తిరకాసంతా మూడో సెక్షనులో ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు తమ లాభం కోసం కలిసి ఒకే గది వాడుకున్నా ఆ గది చట్టం దృష్టిలో కంపెనీయే. అంటే ఒంటరిగా ఉంటే నేరం కాదు, తోడు పెట్టుకుంటే నేరం. ఏది క్షేమమో మీరే చెప్పండి. నాలుగో సెక్షను మరీ అన్యాయం. పద్దెనిమిది నిండిన కొడుకు, తెలిసి, తల్లి ఈ సంపాదన మీద తిండి తిన్నా రెండేళ్ళ దాకా జైలు వేయొచ్చు.

మనుషుల్ని అమ్మడం పూర్తిగా వేరే నేరం. పాత ఐపీసీలో 370, 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్)లో 143. ఒక్క మనిషిని తెచ్చి అమ్మితే ఏడేళ్ళ నుంచి పదేళ్ళు. బాధితురాలు ఒప్పుకుందా లేదా అన్నది లెక్కలోకే రాదు. కాబట్టి నాగావళి గారూ, మీవాడు ‘లైసెన్సు’ అంటున్నాడా, ‘నేరం కాదనాలి’ అంటున్నాడా, ముందు అది అడగండి. ఆ రెండూ ఒకటి కాదు.

నాగావళి_గట్టు
అయితే మా పిల్ల ఏ నేరమూ చెయ్యలేదన్నమాటే కదా. మరి హోమ్‌లో ఏడు నెలలు ఎందుకుంచారు? గేటుకి తాళం. వారానికోసారి ఐదు నిమిషాలు ఫోను. ‘అత్తా, జైలంటే ఇలాగే ఉంటాదా’ అని అడిగింది నన్ను.

మూడులాంతర్లు
17వ సెక్షను. రైడ్‌లో దొరికిన మనిషిని విచారణ చేసి, సంరక్షణ అవసరం అనుకుంటే మేజిస్ట్రేటు ఏడాది నుంచి మూడేళ్ళ దాకా హోమ్‌లో ఉంచమని ఆర్డరు వేయొచ్చు. కాపాడ్డానికి రాసిన సెక్షనే. కానీ లోపలున్న మనిషికి తాళం తాళమే. 2020లో బొంబాయి హైకోర్టు ఇలాంటి ముగ్గుర్ని విడిచిపెడుతూ, వయసొచ్చిన వాళ్ళని వాళ్ళ ఇష్టం లేకుండా ఉంచడానికి లేదంది. 2022 మే 19న సుప్రీంకోర్టు, హోమ్‌లన్నీ సర్వే చేసి ఇష్టం లేకుండా ఉన్న పెద్దవాళ్ళ సంగతి తేల్చమని రాష్ట్రాలకి చెప్పింది. రైడ్‌లో దొరికినవాళ్ళ ఫోటోలు వేయొద్దంది, ఆధార్ ఇవ్వమంది, పోలీసులు మర్యాదగా చూడాలంది. అప్పుడు వాట్సాప్‌లో అందరూ ‘కోర్టు లైసెన్సిచ్చేసింది’ అని తిప్పారు. అది అబద్ధం. కంపెనీ నడపడం అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే.

లైట్‌హౌస్_77
మాది కళింగపట్నం. తొమ్మిదేళ్ళుగా జర్మనీలో కొలోన్‌లో ఉంటున్నాను. లైసెన్సు సంగతి నా కళ్ళెదుట ఉన్నది కాబట్టి చెప్తాను.

ఇక్కడ 2002లో చట్టం తెచ్చారు. ఇదీ ఒక ఉద్యోగమే, కాంట్రాక్టు రాసుకోవచ్చు, ఆరోగ్య బీమా, పింఛను అన్నీ ఉంటాయన్నారు. మంచి ఉద్దేశంతోనే చేశారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ కాంట్రాక్టు రాసుకున్నవాళ్ళు దాదాపు లేరు. పెద్ద పెద్ద భవనాలు మాత్రం లేచాయి. టిక్కెట్టు కొంటే ఎంతసేపైనా, ఎంతమందినైనా అన్న స్కీములు కూడా నడిచాయి. 2017లో ఇంకో చట్టం తెచ్చి ఆ స్కీములు నిషేధించి, ప్రతి ఒక్కరూ పేరు నమోదు చేయించుకోవాలి, నడిపేవాడు అనుమతి తీసుకోవాలి అన్నారు. 2019 చివరికి నమోదైంది సుమారు 40,000 మంది. బయట ఉన్నది అంతకి ఎన్నో రెట్లని అందరూ ఒప్పుకుంటారు. నమోదైనవాళ్ళలో జర్మన్లు ఐదో వంతు చుట్టుపక్కల, రొమేనియా వాళ్ళే అందరికంటే ఎక్కువ. పేద ఊళ్ళ పిల్లలే ఇక్కడా. మన పల్లెల్నించి చెన్నై వెళ్ళినట్టే.

నేను ట్రాముకి వెళ్ళే దారిలో అలాంటి భవనం ఒకటుంది. పొద్దున్నే మినీ వ్యాన్‌లో ఆడపిల్లలు దిగుతారు. డ్రైవరు ముందు నడుస్తాడు, అందరి కాగితాలూ ఉన్న సంచీ వాడి చేతిలోనే ఉంటుంది. లోపల ఏం జరుగుతుందో నాకు తెలీదు. ఆ సంచీ మాత్రం రోజూ చూస్తాను.

పక్కనున్న నెదర్లాండ్స్ 2000 అక్టోబరులోనే కంపెనీల మీద నిషేధం ఎత్తేసింది. తర్వాత అక్కడ ఆడవాళ్ళు బేరానికి కూర్చునే అద్దాల కిటికీల్లో, అదీ లైసెన్సున్నవాటిలోనే, బలవంతంగా కూర్చోబెట్టిన ఆడవాళ్ళు బయటపడ్డారు. 2007 నుంచి ఆమ్‌స్టర్‌డామ్ నగరమే ఆ కిటికీలు కొన్ని మూయించడం మొదలెట్టింది.

చీపురుపల్లి_రైలుగేటు
ఇది ఒకరిద్దరు చూసిందేనా, ఎక్కడైనా లెక్క కట్టారా?

లైట్‌హౌస్_77
కట్టారు. 2013లో ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు దాదాపు 150 దేశాల లెక్కలు తీసి చూశారు. చట్టబద్ధం చేస్తే రెండు జరగొచ్చన్నారు. ఇష్టంతో చేసేవాళ్ళు దొరుకుతారు కాబట్టి బలవంతపువాళ్ళ అవసరం తగ్గొచ్చు. లేదా మొత్తం బేరమే పెరిగిపోయి, చాలక బయటినుంచి తేవాల్సి రావచ్చు. లెక్కలో రెండోదే గెలిచింది.

జీడిపప్పు_పలాస
ఇది నాకు బాగా అరదమయ్యే ముక్క. మా పలాసలో ఫ్యాక్టరీలు తక్కువున్నప్పుడు ఉద్దానం జీడిపిక్కే సాలేది. ఫ్యాక్టరీలు పెరిగినాక సాల్నేదు, ఆఫ్రికా నుంచి ఓడల్లో తెప్పిత్తన్నారు. మనిసిని పిక్కతో పోల్చకూడదు, తెలుసు. ఆళ్ళు మాత్రం అలగే సూత్తారు.

ఎచ్చెర్ల_బీటెక్
ఆ పేపరు నేనూ చదివాను. ఒక చిక్కుంది, రాసినవాళ్ళే దాచకుండా ఒప్పుకున్నారు. వాళ్ళ దగ్గరున్నది బయటపడిన అమ్మకాల లెక్క, జరిగిన అమ్మకాల లెక్క కాదు. బాగా వెతికే పోలీసులున్న దేశంలో ఎక్కువ కనిపిస్తాయి. మన దగ్గరే చూడండి, జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ప్రకారం 2022లో దేశం మొత్తం మీద మనుషుల రవాణా కేసులు 2,250, అందరికంటే ఎక్కువ తెలంగాణలో. తెలంగాణలోనే ఎక్కువ అమ్ముతున్నారని అర్థమా, అక్కడ కేసు కడుతున్నారని అర్థమా? 140 కోట్ల జనానికి 2,250 కేసులంటే మిగతావి ఎక్కడున్నాయి? నాగావళి అమ్మ చెప్పిన పిల్ల కేసు కూడా ఇందులోకి వచ్చేది కాదేమో. పిన్ని మీద ఎఫ్ఐఆర్ కట్టారా?

నాగావళి_గట్టు
పిన్ని ఇప్పటికీ తిరుగుతూనే ఉంది బాబూ. ఎఫ్ఐఆర్‌లో ఆ ఇల్లు నడిపినావిడ పేరే ఉంది.

ఫీల్డ్_అక్క
పదకొండేళ్ళు హెచ్‌ఐవీ ప్రాజెక్టులో అవుట్‌రీచ్ వర్కర్‌గా చేశాను. కొంత విజయనగరం, కొంత శ్రీకాకుళం. ఇక్కడ చాలామంది ఊహిస్తున్న చిత్రం వేరు, నేను చూసింది వేరు.

మన రెండు జిల్లాల్లో, కలకత్తాలో ఈ వ్యాపారం జరిగే సోనాగాచీలాంటి వీధి లేదు. పని జరిగేది ఫోన్ల మీద, హైవే పక్కన, అద్దె గదుల్లో. చేసేవాళ్ళలో ఎక్కువమంది పిల్లల తల్లులు. మొగుడు తాగుబోతో, వదిలేసినవాడో. ఇంట్లో ‘విశాఖలో వంటపనికి వెళ్తున్నాను’ అని చెప్పి బస్సెక్కుతారు, సాయంత్రం బస్సుకి కూరగాయలు కొనుక్కుని దిగుతారు. వీళ్ళలో ఒక్కరైనా కలెక్టరాఫీసుకి వెళ్ళి ఆధార్ జిరాక్సు ఇచ్చి లైసెన్సు తీసుకుంటారా? చచ్చినా తీసుకోరు. తీసుకునేది ఎవరు? నాలుగు గదులూ పెట్టుబడీ పలుకుబడీ ఉన్నవాడు. అప్పుడు లైసెన్సు లేని ఆడమనిషి దొంగ అవుతుంది, లైసెన్సున్నవాడు పెద్దమనిషి అవుతాడు. లైట్‌హౌస్ తమ్ముడు చెప్పిన 40,000 లెక్క అదే చెప్తోంది.

అలాగని ఇప్పుడున్నది బాగుందనను. మూడులాంతర్లు గారు చెప్పిన ఇద్దరి గది సంగతి నేను కళ్ళారా చూశాను. ఇద్దరు అక్కాచెల్లెళ్ళలాంటివాళ్ళు ఒకే గది తీసుకుని, ఒకరు లోపలుంటే ఒకరు వరండాలో కూర్చునేవారు, ఎవడైనా గొడవ చేస్తే తలుపు కొట్టడానికి. రైడ్‌లో వరండాలో ఉన్నామె మీద ‘కంపెనీ నడుపుతోంది’ అని కేసు కట్టారు. తర్వాత ఇద్దరూ విడిపోయి బ్రోకర్ల కిందకి వెళ్ళారు. ఆ ఇద్దరినీ బ్రోకరు చేతిలో పెట్టింది ఆ కేసే. నేనంటాను, అమ్మేవాడి మీదా తెచ్చేవాడి మీదా చట్టం ఇంకా గట్టిగా పడాలి, ఆడదాని మీద నుంచి పూర్తిగా ఎత్తెయ్యాలి, కంపెనీకి మాత్రం లైసెన్సు వద్దు.

చీపురుపల్లి_రైలుగేటు
కొనడానికి వచ్చేవాడి మాట ఎవరూ ఎత్తరేం? వాడే లేకపోతే ఇదంతా లేదు కదా.

మూడులాంతర్లు
స్వీడన్ 1999లో చేసింది అదే. అమ్ముకునే మనిషి నేరస్తురాలు కాదు, కొనేవాడు నేరస్తుడు. తర్వాత నార్వే, ఐస్లాండ్, 2016లో ఫ్రాన్స్ ఆ దారి పట్టాయి. వీధుల్లో సగానికి సగం తగ్గిందని స్వీడన్ ప్రభుత్వం 2010లో తన సమీక్షలో చెప్పుకుంది. మన దగ్గర కస్టమర్ల మీద పెట్టిన పిటా కేసులు హైకోర్టుల్లో చాలావరకు నిలవలేదు, ఆ సెక్షన్లు వాళ్ళకి వర్తించవని. అయితే అమ్ముడుపోయి వచ్చిన మనిషి అని తెలిసి వెళ్తే బీఎన్ఎస్ 144 ఉంది. ఆ సెక్షను కింద కేసు కట్టడం నేనింతవరకు చూడలేదు.

ఫీల్డ్_అక్క
చీపురుపల్లి తమ్ముడూ, ఆ మాట నాకూ మొదట్లో నచ్చింది. కానీ కొనేవాడికి భయమేస్తే ఏం చేస్తాడు? వెలుగున్న చోటికి రాడు, ఊరవతలకి రమ్మంటాడు. వెళ్ళాల్సింది ఆవిడే. అక్కడేం జరిగినా అరుపు వినేవాడు ఉండడు. స్వీడన్‌లో భర్త పోతే ప్రభుత్వం ఇల్లూ తిండీ చూస్తుంది. మన దగ్గర ఆ రోజు బేరం లేకపోతే ఆ రోజు పిల్లలకి గంజే.

జీడిపప్పు_పలాస
అక్కా, నీ మాట కాదననేను గానీ, కొనేవోడిని ఒగ్గేత్తే నా మనసు ఒప్పుకోదు.

ఫీల్డ్_అక్క
తెలిసి అమ్ముడుపోయిన పిల్ల దగ్గరికి వెళ్ళినవాణ్ణి నేనూ ఒగ్గను తమ్ముడూ.

బొబ్బిలి_మాస్టారు
మన విజయనగరం సంగతే ఒకటి గుర్తుచేస్తాను. మహారాజా ఆనంద గజపతి ఉమ్మడి విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ పట్టీ రాయించారు. బ్రాహ్మణ కుటుంబాల్లోనే 1,034 తేలాయి. ఐదేళ్ళ పిల్లలు 99 మంది. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు, ఒక్కొక్కరి ధర 350 నుంచి 400 రూపాయలు. గురజాడ ఈ లెక్క తన నాటకం తొలి ముద్రణకి, 1897లో, రాసిన ముందుమాటలో పెట్టారు. గమనించండి, అందులో ఏదీ చట్టవిరుద్ధం కాదు. తండ్రి ఒప్పుకున్నాడు, పురోహితుడు మంత్రం చదివాడు, ఊరు భోజనం చేసింది. బహిరంగంగా జరిగితే అమ్మకాలు తగ్గుతాయనేవారు ఆ పట్టీ ఒకసారి చూడాలి.

పార్వతీపురం_పనసతొన
మాస్టారొచ్చారంటే గురజాడ కూడా వెంట వచ్చినట్టే. ఎదురుచూస్తున్నాను ఇందాకట్నుంచి :)

చీపురుపల్లి_రైలుగేటు
మాస్టారూ, అదే కాలం నాటి ఇంకో సంగతి కూడా చెప్పాలి మరి. భోగం మేళాలు ఆపాలని ఉద్యమం చేశారు, 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం తెచ్చింది. మంచిదే. కానీ ఆటా పాటా పోయిన ఆడవాళ్ళకి బదులు ఏమిచ్చారు? గుళ్ళో మర్యాద పోయింది. కొందరు చదువుకుని, సినిమాల్లోకి వెళ్ళి నిలబడ్డారు. మిగతావాళ్ళ సంగతి? నిషేధం ఒక్కటే రాసి తిండి సంగతి రాయకపోతే ఏమవుతుందో అదీ మన దగ్గరే జరిగింది.

బొబ్బిలి_మాస్టారు
ఒప్పుకుంటాను నాయనా. అది నేను కలపాల్సింది.

పేరు_వద్దు
చదివి ఊరుకుందామనుకున్నాను. కుళాయి దగ్గర బిందెల మాట చదివాక ఊరుకోలేకపోయాను.

నేను అమ్ముడుపోయినదాన్నే. అప్పుడు నాకు ఇరవై మూడు. పెళ్ళి చేసుకుంటానన్నవాడే అమ్మాడు. ఎక్కడ, ఎప్పుడు అని అడగొద్దు. నన్ను ఎంతకి కొన్నారో మొదటిరోజే చెప్పారు, అది నా అప్పు అన్నారు. బట్టలు, తిండి, డాక్టరు, పౌడరు డబ్బాతో సహా ఆ అప్పులోనే రాసేవారు. నెల నెలా తగ్గాల్సిన అప్పు నెల నెలా పెరిగేది. తలుపు చాలా రోజులు తీసే ఉండేది. నేనే వెళ్ళలేదు. ఎందుకంటే మేడం రోజూ ఒకటే చెప్పేది, ‘స్టేషనుకెళ్ళు, ముందు నీ ఫోటోయే పేపర్లో పడుతుంది, మీ నాన్న ఆ పేపరు చదువుతాడు’ అని. నాకు వేసిన తాళం ఆ మాటే.

ఇప్పుడు మీ ప్రశ్నకి నాకు తోచింది. ఆ ఇంటికి గోడ మీద లైసెన్సు కాగితం ఉండి ఉంటే, నేను పారిపోయి ఎవరి కాళ్ళ మీద పడినా, ‘అది గవర్నమెంటు ఒప్పుకున్న చోటే కదా, నువ్వు సంతకం కూడా పెట్టావు కదా’ అనేవారు. సంతకాలు నా చేత చాలా పెట్టించారు. ఇంకొకటీ పెట్టేదాన్నే. అందుకే లైసెన్సు మాట వింటే నాకు వణుకొస్తుంది. అదే, నేను కూడా దొంగనేనన్న భయం లేకపోతే మూడో నెలలోనే స్టేషనుకి వెళ్ళేదాన్ని. ఈ రెండూ నిజమే. చట్టం రాసేవాళ్ళు ఈ రెండూ ఒకేసారి ఆలోచిస్తారో లేదో నాకు తెలీదు.

నాగావళి అక్కా, ఆ పిల్ల బిందె పెట్టినప్పుడు మీ బిందె దాని వెనకాల పెట్టండి. రోజూ. నాకు మా ఊళ్ళో ఒక ముసలమ్మ అలా పెట్టింది.

వేదిక_నిర్వాహకుడు
పై సభ్యురాల్ని ఊరు, కులం, సంవత్సరం, ఏదీ ఎవరూ అడగొద్దు. ప్రైవేటు మెసేజ్ కూడా పంపొద్దు. పంపినవారి ఖాతా తీసేస్తాను.

రిటైర్డ్_ఖాకీ
ఆ తల్లి రాసింది రెండుసార్లు చదివాను. ముఖాలకి చున్నీలు కప్పించి వరసగా నిలబెట్టి ఫోటో తీయించిన రోజులు నా సర్వీసులోనూ ఉన్నాయి. మేం పట్టుకున్నామని చూపించుకోవడానికే తీయించాం. అది ఇంకొక పిల్లకి తాళం అవుతుందని అప్పుడు నాకు తట్టలేదు. క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు.

రైల్వే పోలీసులో చాలాకాలం చేశాను. ఈ లైన్లో, అంటే పలాస నుంచి ఆమదాలవలస, విజయనగరం మీదుగా, ఏడుస్తూ వెళ్ళే పిల్లని నేనెప్పుడూ చూడలేదు. నవ్వుతూ వెళ్తారు, కొత్త బ్యాగు, కొత్త చెప్పులు. చూడాల్సింది ఆ పిల్లని కాదు, టిక్కెట్లెవరి దగ్గరున్నాయో వాళ్ళని. నలుగురి ఆధార్లూ ఒకావిడ జాకెట్లో ఉంటాయి. ‘మీకేమవుతుంది’ అంటే ‘పిన్ని’ అంటారు. పిల్లని పక్కకి పిలిచి ‘మీ పిన్ని ఇంటిపేరేంటి’ అంటే నీళ్ళు నములుతుంది. అక్కడే దొరుకుతుంది. ఇప్పుడు రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) వాళ్ళు ఆపరేషన్ ఆహట్ అని 2022 నుంచి ఇదే పని మీద ఉన్నారు. రైల్లో అనుమానమొస్తే 139కి చేయండి. తప్పయినా ఫరవాలేదు, ఎవరూ తిట్టరు.

చట్టం మార్చాలా వద్దా నాకు తెలీదు. రైడ్‌లో దొరికేది ఆ ఇల్లు నడిపే మనిషి, అంతే. వెనక్కి ఊరి దాకా వెళ్ళి పిన్నిని పట్టుకోవాలంటే రెండు రాష్ట్రాల స్టేషన్లు మాట్లాడుకోవాలి, ప్రయాణ ఖర్చుల టీఏ బిల్లులు కావాలి, ఏడాది తిరగాలి. ఆ ఓపిక ఎవరికీ ఉండదు. ఆ ఓపిక లేనన్నాళ్ళూ మీరు ఏ చట్టం పెట్టినా పిన్ని క్షేమంగా ఉంటుంది.

ఎచ్చెర్ల_బీటెక్
ఖాకీ గారి మాటకి ఇంకొకటి జోడిస్తాను. 2024 మేలో కంబోడియా సంగతి గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు మన ఉత్తరాంధ్ర కుర్రాళ్ళని పంపితే, అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ మోసాలు చేయించారు. విశాఖ పోలీసులు ఏజెంట్లని అరెస్టు చేశారు, కుర్రాళ్ళు కొందరు వెనక్కొచ్చారు. వాళ్ళు మగాళ్ళు, చదువుకున్నవాళ్ళు. తీరు మాత్రం అదే, తెలిసినవాడు, అడ్వాన్సు, కాగితాలు లాక్కోవడం, ఎప్పటికీ తీరని అప్పు. పడుపు వృత్తి మీద చట్టం ఎలా ఉన్నా ఆ కుర్రాళ్ళు అమ్ముడుపోయేవాళ్ళే.

నాగావళి_వారి_అబ్బాయి
అమ్మ లింకు పంపింది. అమ్మా, నేను లైసెన్సు అనలేదు. డీక్రిమినలైజ్, అంటే నేరం కాదనాలి, అన్నాను, నీకు లైసెన్సులా వినపడింది. నేను చెప్పింది జర్మనీ గురించి కాదు, న్యూజిలాండ్ గురించి. వాళ్ళు 2003లో, 60కి 59 ఓట్లతో, ఒక్క ఓటు తేడాతో చట్టం మార్చారు. నలుగురి దాకా కలిసి గది తీసుకుని పని చేసుకోవచ్చు, పైన ఓనరు లేకపోతే ఏ అనుమతీ అక్కర్లేదు. ఫీల్డ్ అక్క చెప్పిన వరండా ఆమెలాంటివాళ్ళకి అక్కడ కేసు ఉండదు.

జీడిపప్పు_పలాస
ఇంట్లో గొడవ ఇక్కడికే వచ్చీసినాది. మరిది గారిని కూడా పిలవండి, తేల్చీసుకుందాం.

ఫీల్డ్_అక్క
బాబూ, నువ్వు చెప్పింది సరైనదే, అమ్మ పెట్టిన తలకట్టు వల్ల నిన్ను తిట్టుకున్నాం. అందులోనూ రెండు మాటలున్నాయి. ఒకటి, తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్ళు అక్కడ ఈ పని చేయడానికి లేదు. వాళ్ళకి పట్టుబడితే దేశం నుంచి పంపేస్తారన్న భయం ఉంటుంది, పేరు_వద్దు చెల్లి చెప్పిన తాళం మళ్ళీ అదే. రెండోది, ఆ దేశంలో మనుషుల రవాణా నేరం మీద మొట్టమొదటి శిక్ష 2016లో పడింది. ఫిజీ నుంచి తోటపనికని తెచ్చి జీతాలు ఎగ్గొట్టిన కూలీల కేసులో. వ్యభిచారం కేసు కాదు. అది చదివినప్పుడు నాకు మన ఊళ్ళ మేస్త్రీలు గుర్తొచ్చారు.

సోనాగాచీలో కూడా ఒక మంచి పద్ధతి ఉంది. అక్కడి ఆడవాళ్ళ సంఘం దుర్బార్ 1990లలోనే బోర్డులు పెట్టుకుంది. కొత్తగా ఎవరొచ్చినా వయసెంత, ఎవరు తెచ్చారు, ఇష్టంతో వచ్చావా అని వాళ్ళే అడుగుతారు. అలా వెనక్కి పంపినవాళ్ళున్నారు. లోపలున్నవాళ్ళకి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది, ఏ పిల్ల అమ్ముడుపోయి వచ్చిందో?

మూడులాంతర్లు
దీనికి బలమైన ఎదురు వాదన కూడా ఉంది. హైదరాబాద్‌లో ప్రజ్వల నడిపే సునీతా కృష్ణన్ 1996 నుంచి ఇదే పనిలో ఉన్నారు. చట్టబద్ధం చేయడాన్ని ఆవిడ గట్టిగా వ్యతిరేకిస్తారు. అంత మందిని బయటికి తెచ్చినావిడ మాట తేలిగ్గా తీసెయ్యలేం. రవాణా మీద సమగ్రంగా ఒక బిల్లు 2018 జూలైలో లోక్‌సభ పాస్ చేసింది, రాజ్యసభ పాస్ చేయకుండానే మురిగిపోయింది. ఇప్పటిదాకా మళ్ళీ చట్టం కాలేదు. నన్నడిగితే మనం ఈ దారా ఆ దారా అని కొట్టుకుంటున్నది ఇంకా వేయని రోడ్డు మీద. ఇప్పుడున్న 143తోనే పిన్నిని పట్టుకోవచ్చు.

నాగావళి గారూ, అసలు పని మాట్లాడదాం. ఎఫ్ఐఆర్ ఎక్కడిదైనా, పిల్ల వాంగ్మూలంలో పిన్ని పేరు ఉందా? లేకపోతే అదనపు వాంగ్మూలం ఇవ్వొచ్చు. రవాణా బాధితులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలి, 1987 చట్టంలోనే ఉంది. పరిహారానికి కూడా దరఖాస్తు పెట్టొచ్చు, కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుంది. ముందు 15100కి ఫోన్ చేసినా చెప్తారు.

నాగావళి_గట్టు
పేరు ఉందో లేదో అడిగాను. పిన్ని పేరు చెప్పిందట గానీ రాసింది వేరే భాషలో, చదివి వినిపించలేదట. సంతకం పెట్టిందట.

ఇవాళ పొద్దున్న నా బిందె దాని వెనకాల పెట్టాను. నా వెనకాల ఇంకో ఇద్దరు పెట్టారు. ఒకావిడ గొణుక్కుంటూ పెట్టింది.

పేరు_వద్దు
గొణిగినా పెట్టింది కదక్కా.

మూడులాంతర్లు
ఎఫ్ఐఆర్ నకలు, పిల్ల ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, హోమ్ నుంచి పంపినప్పుడు ఇచ్చిన ఆర్డరు కాగితం తీసుకురండి. ఇరవై వేల అడ్వాన్సు వచ్చిన రోజుల్లో మీ సంఘం పుస్తకంలో వాయిదా జమ అయిన తేదీ ఉంటుంది కదా, ఆ పేజీ జిరాక్సు కూడా. పిన్ని డబ్బిచ్చిందని చెప్పడానికి అదొక ఆధారం.

నాగావళి_గట్టు
నేను రాసిన రసీదే.

మూడులాంతర్లు
అదే. గురువారం నాకు శ్రీకాకుళంలో పని ఉంది. పదిన్నరకి కోర్టు గేటు దగ్గరుంటాను.

రిటైర్డ్_ఖాకీ
నేనూ వస్తాను, అభ్యంతరం లేకపోతే. ఆ రాష్ట్రం స్టేషనుకి ఉత్తరం ఎలా రాయాలో నాకు తెలుసు.